ఆడిట్ గదిలో నిశ్శబ్దం: ఒక క్వాలిటీ మేనేజర్ కేస్ స్టడీ

హైదరాబాద్ చుట్టుపక్కల మందుల కంపెనీల్లో పనిచేసేవాళ్లకు ప్రజెంటేషన్ అంటే స్టేజీ, మైకు, చప్పట్లు గుర్తుకు రావు. అమెరికా ఎఫ్‌డీఏ (మందులను నియంత్రించే ప్రభుత్వ సంస్థ) నుంచో, యూరప్ నుంచో వచ్చిన ఇన్‌స్పెక్టర్‌కి ఎదురుగా కూర్చుని, తమ ప్లాంటులో ఏ పని ఎలా జరుగుతుందో వివరించడం గుర్తుకొస్తుంది. వినేది ఒక్కరో ఇద్దరో. అయినా ఐదొందల మంది ఉన్న హాల్లో గడగడా మాట్లాడేవాళ్లు కూడా ఆ గదిలో తడబడటం చూశాను. నేను ఉద్యోగులకు ప్రసంగ శిక్షణ ఇస్తుంటాను. ఈ కేసు ఆ గదికి సంబంధించింది. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఆమె పేరు, కంపెనీ పేరు, గుర్తుపట్టే వివరాలు రాయడం లేదు.

ఆమె క్వాలిటీ అష్యూరెన్స్‌లో మేనేజరు. ప్రకాశం జిల్లాలో పల్లెటూరు, పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఆ తర్వాత ఎం.ఫార్మసీ, పన్నెండేళ్లకు పైగా అనుభవం. డీవియేషన్లు (నిర్ణీత పద్ధతి తప్పి జరిగిన పనులు), ఓఓఎస్ దర్యాప్తులు ఆమె చేతి మీదుగా నడుస్తాయి. ఓఓఎస్ అంటే ల్యాబ్ పరీక్షలో ఫలితం నిర్ణీత పరిమితి దాటి రావడం. అది వచ్చినప్పుడు కారణం వెతికి, రాసి, తేల్చడం ఆమె పని. సబ్జెక్టులో ఆమెను మించినవాళ్లు ఆ ప్లాంటులో లేరని అందరూ ఒప్పుకుంటారు. కానీ బయటి కన్సల్టెంట్లు వచ్చి రిహార్సల్‌గా చేసిన మాక్ ఆడిట్‌లో ఆమె బాగా తడబడింది. హెచ్‌ఆర్ నుంచి నాకు వచ్చిన మెయిల్లో రెండే ముక్కలు: "కాన్ఫిడెన్స్ తక్కువ, ఇంగ్లిష్ వీక్." అసలు ఇన్‌స్పెక్షన్‌కి దాదాపు మూడు నెలల టైముంది.

ఇలాంటి మెయిల్ వచ్చినప్పుడు నేను మొదట అడిగేది ఒక్కటే. ఆ మనిషి ఎక్కడ బాగా మాట్లాడతారు? ఎక్కడా మాట్లాడలేనివాళ్లు చాలా అరుదు. ఆమె విషయంలో జవాబు ప్రొడక్షన్ ఫ్లోర్‌లో దొరికింది. కొత్తగా చేరిన ఆపరేటర్లకు ఆమె గౌనింగ్ (తయారీ గదిలోకి వెళ్లే ముందు ప్రత్యేక దుస్తులు వేసుకునే పద్ధతి) మీద తెలుగులో శిక్షణ ఇస్తుంటే వెనక నిలబడి చూశాను. చేతిలో కాగితం లేదు. "చెయ్యి కడుక్కున్నాక తలుపు దేంతో తీస్తావు తమ్ముడూ?" అని అడిగి, వాడు చెయ్యి చాపగానే ఆగి, అందరి వంకా చూసింది. నవ్వులు. ఆ పాఠం వాళ్లు మర్చిపోరు. ఎక్కడ ఆగాలో, ఎవరిని అడగాలో, ఎప్పుడు నవ్వించాలో ఆమెకు తెలుసు. అలాంటి మనిషికి "కాన్ఫిడెన్స్ క్లాసు" పెట్టడంలో అర్థం లేదు.

తర్వాత మాక్ ఆడిట్ రికార్డింగ్ చూశాను. వేరే మనిషిలా ఉంది. ముప్ఫైకి పైగా స్లైడ్లు, ప్రతి దాని నిండా ఎస్‌ఓపీ (ఏ పని ఎలా చేయాలో రాసిన కంపెనీ పత్రం) నుంచి తెచ్చి అతికించిన పేరాలు. లాప్‌టాప్ వైపే చూస్తూ, ఊపిరి తీసుకోకుండా చదివేసింది. అసలు సంగతి ప్రశ్నల దగ్గర బయటపడింది. ఆడిటరు ఒక ప్రశ్న అడిగితే మొదటి రెండు వాక్యాల్లో సరైన జవాబు చెప్పింది. ఆయన తల వంచి రాసుకోవడం మొదలుపెట్టాడు. గదిలో చప్పుడు లేదు. అంతే, ఆమె మళ్లీ అందుకుంది. "యాక్చువల్లీ, దానితో పాటు లాస్ట్ ఇయర్ ఇంకో కేసు కూడా..." ఎవరూ అడగని కేసు. ఆయన పెన్ను ఆగింది. తల ఎత్తాడు. ఆ తర్వాతి గంట ఆ కేసు చుట్టూనే తిరిగింది.

ఇంగ్లిష్ వల్లే ఇలా జరిగిందని కంపెనీవాళ్లు అన్నారు. నాకు అలా అనిపించలేదు, కాబట్టి తేల్చుకోవడానికి చిన్న పరీక్ష పెట్టాను. అవే ప్రశ్నలు తెలుగులో అడిగి, ఆమె జవాబు చెప్పాక నేనూ తల వంచి రాసుకున్నాను. తెలుగులోనూ అదే జరిగింది. నాలుగైదు సెకన్లు ఆగలేక ఇంకేదో కలిపింది. భాష మారినా లోపం మారలేదు. ఆమె ఇంగ్లిష్‌లో వ్యాకరణం అక్కడక్కడ తప్పుతుంది, నిజమే. కానీ సబ్జెక్టు పదాలన్నీ ఇంగ్లిష్‌లోనే తెలుసు, చెప్పింది అర్థమవుతుంది. ఇన్‌స్పెక్టర్‌కి కావాల్సింది అదే.

"జవాబు అయిపోయాక ఆయన మాట్లాడకపోతే మీకేమనిపిస్తుంది?" అని అడిగాను.

"తప్పు చెప్పానేమో అనిపిస్తుంది సార్. ఇంటర్లో లేపి నిలబెట్టినప్పుడు లెక్చరర్ గారు ఏమీ అనకుండా చూస్తుంటే తిట్లు పడబోతున్నాయని అర్థం. ఇంకేదో ఒకటి చెప్తూ ఉండాలి, అప్పుడు కూర్చోమంటారు."

అంతకన్నా లోతుకు నేను వెళ్లలేదు. నేను మానసిక వైద్యుణ్ణి కాను. మా పనికి ఆ మాత్రం తెలిస్తే చాలు. ఆమె భయపడేది జనానికి కాదు, ఇంగ్లిష్‌కీ కాదు. తాను మాట్లాడాక అవతలివాళ్లు మౌనంగా ఉండే ఆ కాసేపటికి. శిక్షణంతా అక్కడే పెట్టాలని నిర్ణయించుకున్నాను. ప్రసంగ భయాన్ని కొలవడానికి 1970లో అమెరికా పరిశోధకుడు మెక్‌క్రోస్కీ తయారుచేసిన 34 ప్రశ్నల పట్టీ ఒకటుంది. దాన్ని నింపిస్తే ఆమె స్కోరు "ఎక్కువ భయం" కోవలో పడింది. ఆ పట్టీ భయం ఎంతో చెబుతుంది. ఎక్కడుందో చెప్పదు.

ఇంతకుముందు ఆమె ఒక రెండు రోజుల వర్క్‌షాపుకి వెళ్లొచ్చింది. అద్దం ముందు ప్రాక్టీస్ చేయాలని, భుజాలు వెనక్కి పెట్టాలని, నవ్వుతూ ఉండాలని చెప్పారట. "మాటల ప్రభావం 7 శాతం, గొంతు 38, బాడీ లాంగ్వేజ్ 55" అన్న స్లైడ్ కూడా చూపించారట. ఆ లెక్క ఎక్కడ కనపడినా నాకు ఒళ్లు మండుతుంది. దానికి మూలమైన, మనస్తత్వ శాస్త్రవేత్త మెహ్రాబియన్ 1967లో చేసిన ప్రయోగాలు ఇష్టాయిష్టాల లాంటి భావాలు ఎలా తెలుస్తాయన్న దాని మీద. మాటకీ ముఖానికీ పొంతన లేనప్పుడు వినేవాళ్లు దేన్ని నమ్ముతారన్నది అక్కడి ప్రశ్న. బ్యాచ్ ఎందుకు రిజెక్ట్ చేశారని ఇన్‌స్పెక్టర్ అడిగితే, జవాబులో 55 శాతం భుజాల్లో ఉండదు.

ముందు స్లైడ్ల పని పట్టాం. ఓఓఎస్ విధానం మీద ఉన్న పేరాలన్నీ తీసేసి ఒక్క ఫ్లోచార్ట్ పెట్టించాను. ఫలితం పరిమితి దాటింది. ముందు ల్యాబ్ దర్యాప్తు, అంటే పరికరం, శాంపిల్ తయారీ, లెక్కలు, అనలిస్టు. అక్కడ కారణం దొరక్కపోతే తయారీ వైపు పూర్తిస్థాయి దర్యాప్తు. ఆ తర్వాత క్వాలిటీ నిర్ణయం. ఇది ఆమె రోజూ చేసే పని. బొమ్మ కళ్ల ముందుంటే బట్టీ అక్కర్లేదు. స్లైడ్లు పదికి తగ్గాయి. ఆమె బాస్ ఒప్పుకోవడానికి టైము పట్టింది. స్లైడ్లో లేనిది మర్చిపోతుందేమోనని ఆయన టెన్షన్. ఆమెకు మాత్రం చదవడానికి ఏమీ లేకపోవడంతో తల లాప్‌టాప్ మీంచి పైకి లేచింది.

అదే ప్రజెంటేషన్‌ని మూడు సైజుల్లో తయారుచేశాం: పదిహేను నిమిషాలది, ఐదు నిమిషాలది, ఒక్క నిమిషానిది. ఇన్‌స్పెక్టర్లు చాలాసార్లు మధ్యలోనే ఆపి "ప్లాంటు చూద్దాం పదండి" అంటారు. పదిహేను నిమిషాలది మాత్రమే వచ్చినవాళ్లు అక్కడ కంగారుపడి, మిగిలిన పది నిమిషాల సరుకును ఒక్క నిమిషంలో కుక్కుతారు.

మొదటి నిమిషం మీద వేరుగా పనిచేశాం. మాట్లాడేవాళ్ల గుండె వేగాన్ని కొలిచిన పరిశోధనల్లో మళ్లీమళ్లీ కనిపించిన సంగతి ఒకటుంది. మొదలుపెట్టే క్షణాల్లో అది బాగా పెరిగి, ఆ తర్వాత దానంతటదే తగ్గుతూ వస్తుంది. అంటే దాటాల్సింది ఆ మొదటి నిమిషమే. అందుకని మొదటి నాలుగు వాక్యాలు మాత్రం నోటికి వచ్చేలా చేయించాను. పేరు, హోదా, ఏం చెప్పబోతోంది, ఎంతసేపు. మిగతాదేదీ బట్టీ పట్టొద్దన్నాను. పిలుపు వచ్చే ముందు కారిడార్‌లో ఊపిరి మామూలుగా తీసుకుని, వదలడం మాత్రం బాగా నెమ్మదిగా వదలమన్నాను. ఊపిరి వదిలేటప్పుడు గుండె కాస్త నిదానిస్తుంది. భయం పోవడానికి కాదిది, గొంతులో వణుకు తగ్గడానికి.

ఈ దశలోనే ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఒక మాత్రల స్ట్రిప్ తీసింది. ప్రొప్రనలాల్. తోటి ఉద్యోగి ఇచ్చాడట, "వేసుకుంటే వణుకు రాదు" అని. ఆ మందు గుండె దడను, చేతుల వణుకును తగ్గిస్తుంది, సంగీత కచేరీలు చేసేవాళ్లలో కొందరు డాక్టర్ సలహాతో వాడతారు. ఉబ్బసం ఉన్నవాళ్లకు ప్రమాదం. మందుల కంపెనీలో ఉంటూ ప్రిస్క్రిప్షన్ లేకుండా పక్కవాళ్ల మాత్ర వేసుకోవడమేంటని అడిగితే ఆమెకే నవ్వొచ్చింది. డాక్టర్‌ని అడిగాకే ఏదైనా అని చెప్పి వదిలేశాను. మళ్లీ ఆ ప్రస్తావన రాలేదు.

తన టెన్షన్ అందరికీ కనపడిపోతుందన్నది ఆమె ఇంకో నమ్మకం. దీనికి వీడియో వాడాను, కానీ నేరుగా చూపించలేదు. వీడియోలో ఏం కనపడుతుందో ముందే కాగితం మీద రాయమన్నాను. "చేతులు వణుకుతుంటాయి, చెమటలు, మొహం ఎర్రబడుతుంది, గొంతు పూడుకుపోతుంది" అని రాసింది. అప్పుడు ముందు సౌండ్ లేకుండా, తర్వాత సౌండ్‌తో చూశాం. వాటిలో ఒక్కటీ కనపడలేదు. గొంతు మొదట్లో కాస్త సన్నబడింది, అంతే. కనపడినవి రెండు: వేగం, లాప్‌టాప్ వైపు చూపు. ఈ రెండూ మార్చుకోగలిగినవే. సావిట్స్కీ, గిలోవిచ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ఇదే విషయం మీద చేసిన ప్రయోగాలు రాశారు. మాట్లాడేవాళ్లు తమ కంగారు ఎంతగా బయటపడుతోందని అనుకుంటారో, వినేవాళ్లకు అంతగా కనపడదు. ఆ సంగతి ముందే తెలిసినవాళ్లు మరింత బాగా మాట్లాడారు కూడా. ఆమెకు పరిశోధన కన్నా తను రాసిన కాగితమే ఎక్కువ పనికొచ్చింది. చాలా రోజులు ఫోన్ కవర్లో పెట్టుకు తిరిగింది.

ఇక అసలు పని. మా టైములో ఎక్కువ భాగం దీనికే పోయింది.

కసరత్తు చెప్పడానికి తేలిక. నేను ప్రశ్న అడుగుతాను. ఆమె మూడు వాక్యాలు మించకుండా జవాబు చెప్పి నోరు మూసుకోవాలి. నేను తల ఎత్తకుండా నోట్‌బుక్‌లో రాసుకుంటాను, నా ఇష్టం వచ్చినంతసేపు. నేను మళ్లీ అడిగేదాకా ఆమె ఏమీ కలపకూడదు. మొదట్లో ఆ మౌనం ఆమెకు నరకం. పెదవులు కదిలేవి, కుర్చీలో ముందుకు జరిగేది, చివరికి "అండ్ ఆల్సో..." అని మొదలుపెట్టేది. "ఆగండి" అంటే ఆగలేరు. ఆగడానికి బదులు చేయడానికి ఏదైనా పని ఉండాలి. అందుకని జవాబు అయిపోగానే చేతిలో పెన్ను టేబుల్ మీద పెట్టేయమన్నాను. పాదాలు రెండూ నేలకు ఆన్చి, ఇన్‌స్పెక్టర్ మొహం కాకుండా పక్కన కూర్చుని నోట్స్ రాసుకునే స్క్రైబ్ వైపు చూడమన్నాను. పెన్ను కింద పెట్టడం ఆమెకు బాగా పట్టింది. పెన్ను టేబుల్ మీదుంటే తన వంతు అయిపోయినట్టు.

అక్కడ కుదురుకున్నాక కష్టం పెంచాను. రాసుకోవడం ఆపి కళ్లలోకి చూస్తూ ఊరుకునేవాణ్ణి. "ఓకే..." అని సాగదీసి వదిలేసేవాణ్ణి. చివరికి "ఈజ్ దట్ ఆల్?" అనేవాణ్ణి. దానికి "యెస్, దట్ ఈజ్ ఆల్" అని ఆపడం ఆమెకు అన్నిటికన్నా కష్టమైంది. ఆ మాట పొగరుగా వినపడుతుందేమోనని ఆమె బాధ. పెద్దవాళ్ల ముందు అంత కత్తిరించినట్టు మాట్లాడటం మన ఇళ్లలో అలవాటు లేదు మరి. రికార్డు చేసి వినిపించాను. పొగరు ఎక్కడా లేదు, మామూలుగానే ఉంది. ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లిష్‌లో, ఇదే వరసలో చేశాం.

జవాబు తెలియనప్పుడు ఏం చేయాలన్నది దీని పక్కనే ఉన్న సమస్య. "చూసి చెప్తాను" అంటే కాన్ఫిడెన్స్ లేనట్టని ఆమె గట్టిగా అనుకునేది. నిజానికి ఆ గదిలో అన్నిటికన్నా ప్రమాదం ఊహించి చెప్పడమే. రాయనిది జరగనట్టేనని వాళ్ల పరిశ్రమలో అందరూ అంటారు. అలాంటి చోట జ్ఞాపకం మీద తేదీ చెప్పడం ఎందుకు? "లెట్ మీ వెరిఫై ద రికార్డ్ అండ్ గెట్ బ్యాక్ టు యూ" అన్న వాక్యాన్ని సిగ్గుపడుతూ కాకుండా పనిలో భాగంగా చెప్పడం నేర్పాను. చెప్పాక ఆ కాగితం తప్పకుండా తెచ్చివ్వాలి, లేకపోతే ఆ వాక్యం తప్పించుకోవడం కిందికొస్తుంది. ఇన్‌స్పెక్టర్ యాస అర్థం కాకపోతే ప్రశ్నను తన మాటల్లో తిరిగి చెప్పి "ఇదేనా మీరడిగింది?" అనమన్నాను. అర్థం కాని ప్రశ్నకు జవాబు చెప్పేస్తే గంటలు వృథా.

పొట్టి జవాబు అంటే దాచిపెట్టడం కాదు. ఈ సంగతి కంపెనీకి మొదటి రోజే చెప్పాను. అడిగినదానికి నిజం, పూర్తి నిజం చెప్పాలి. ఏదైనా కప్పిపుచ్చడానికి మాటలు నేర్పమంటే నేను ఆ పని చేయను. క్వాలిటీ హెడ్ నా ముందే ఆమెతో "ఉన్నది ఉన్నట్టు చెప్పండి, మిగతాది నేను చూసుకుంటా" అన్నారు. ఆ ఒక్క మాటతో ఆమె భుజాల మీద బరువు సగం దిగింది. ఆ హామీ లేని చోట ఏ శిక్షణా పనిచేయదు.

మధ్యలో మాటకు అడ్డొస్తే తట్టుకోవడానికి మన అష్టావధానం అక్కరకొచ్చింది. అవధానికి ఎదురుగా ఎనిమిది మంది పృచ్ఛకులు కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఇంకొకరు దత్తపది, మరొకరు నిషిద్ధాక్షరి. వాళ్లలో అప్రస్తుత ప్రసంగం చేసేవారి పని ఒక్కటే, సంబంధం లేని ప్రశ్నలతో అవధాని ధ్యాస చెదరగొట్టడం. అవధాని ఆయనకో చమత్కారం విసిరి, వదిలిన పాదం దగ్గరికే తిరిగొస్తాడు. ఆమె డిపార్ట్‌మెంట్ నుంచి ఇద్దరిని ఆ పనికి కూర్చోబెట్టాను. ఆమె ఫ్లోచార్ట్ వివరిస్తుంటే "మేడమ్, ఏసీ తగ్గించనా?", "ఇవాళ క్యాంటీన్లో పులిహోరంటగా?", "ఆ డేట్ ఎంత చెప్పారు?" అని అడ్డుపడాలి. ఆమె ఒక్క వాక్యంలో జవాబిచ్చి, ఆపిన వాక్యాన్ని పూర్తిచేయాలి. పాత అలవాటు ప్రకారం మళ్లీ మొదటి స్లైడ్‌కి పోకూడదు. మా సెషన్లన్నిటిలో గట్టిగా నవ్వుకున్నది ఇక్కడే. నాలుగో పులిహోర ప్రశ్నకి ఆమె "అది కూడా స్పెసిఫికేషన్ దాటిందంట, దర్యాప్తు చేస్తున్నాం" అని ముందుకు సాగిపోయింది. ప్రొడక్షన్ ఫ్లోర్‌లో నేను చూసిన మనిషి అప్పుడు కాన్ఫరెన్స్ రూములోకి వచ్చింది.

పనిచేయనివీ ఉన్నాయి. "నాకు భయంగా ఉంది" అనుకునే బదులు "నాకు ఉత్సాహంగా ఉంది" అనుకుంటే మాట మెరుగుపడుతుందని హార్వర్డ్‌లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో రాశారు. చాలామందికి నేను ఇది చెప్తాను, కొందరికి బాగా పనిచేస్తుంది. ఈమె మాత్రం, "ఎఫ్‌డీఏ వాళ్లొస్తే ఎవరికండీ సార్ ఉత్సాహం?" అంది. వదిలేశాం. టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుకూ (ప్రసంగాలు సాధన చేసేవాళ్ల క్లబ్బు) పంపాను. అప్పటికప్పుడు ఇచ్చిన అంశం మీద ఒకటి రెండు నిమిషాలు మాట్లాడించే టేబుల్ టాపిక్స్ ఆమెకు నచ్చింది. కానీ వారాంతంలో ఇల్లు, పిల్లాడు, అటు ప్రయాణం కుదరక మానేసింది. అందరికీ క్లబ్బు సలహా ఇచ్చేవాళ్లు, ఉద్యోగం చేసే ఆడవాళ్లకు ఆదివారం పొద్దున ఎలా గడుస్తుందో ఒకసారి ఆలోచించాలి.

రెండో మాక్ ఆడిట్‌కి మొదటిసారి వచ్చిన కన్సల్టెంటే వచ్చాడు. ఆయనకు నా సంగతి చెప్పొద్దన్నాను. ఆమె జవాబులు పొట్టిగా, డాక్యుమెంట్ చేతిలో పెట్టుకుని ఇచ్చింది. ఒకచోట మాత్రం పాత అలవాటు బయటపడింది. మధ్యాహ్నం భోజనం అయ్యాక, అలసట మీద, అడగని సంగతి ఒకటి చెప్పేసింది. చెప్పగానే తనే గమనించి పెన్ను కింద పెట్టింది. అలసటలో పాత అలవాట్లు తిరిగొస్తాయి. అందుకే ఆ తర్వాతి సెషన్లన్నీ సాయంత్రం ఆరు దాటాక, ఆమె రోజంతా పనిచేసి వచ్చాక పెట్టాం.

అసలు ఇన్‌స్పెక్షన్ అప్పుడు నేను అక్కడ లేను, ఉండకూడదు కూడా. ఆమె చెప్పిందీ, నోట్స్ రాసిన స్క్రైబ్ చెప్పిందీ కలిపి రాస్తున్నాను. పదిహేను నిమిషాల ప్రజెంటేషన్ ఐదు నిమిషాలకే ఆగింది, ఓఓఎస్ లాగ్‌బుక్ తెమ్మన్నారు. ఒక పాత దర్యాప్తు గురించి వరసగా ప్రశ్నలు వచ్చాయి. రెండిటికి "వెరిఫై చేసి చెప్తాను" అంది, గంటలోపు కాగితాలు వచ్చాయి. ఇన్‌స్పెక్టర్ చాలాసేపు రాసుకున్నారు. "చేతులు చల్లబడిపోయాయి సార్. కానీ నోరు మూసుకోగలిగాను" అంది ఫోన్లో.

ఇన్‌స్పెక్షన్ ఫలితం ఇక్కడ రాయను, అది కంపెనీ విషయం. ఇన్‌స్పెక్షన్ చివర్లో ఎఫ్‌డీఏ వాళ్లు తాము గమనించిన లోపాలు రాసిచ్చే ఫారం 483లో ఏముంటుందన్నది ప్లాంటులో జరిగే పనిని బట్టి ఉంటుంది. అది వచ్చినా రాకపోయినా దాన్ని మాట్లాడేవాళ్ల ఖాతాలో వేయడం తప్పు. ఆమె విషయంలో నేను చూసుకున్న కొలమానం వేరే. అడగని సంగతి ఎన్నిసార్లు చెప్పింది? స్క్రైబ్ నోట్స్ ప్రకారం ఒక్కసారీ లేదు. 34 ప్రశ్నల పట్టీ మళ్లీ నింపిస్తే స్కోరు "మధ్యస్థం" కోవలో, పై అంచు దగ్గర ఆగింది. అంటే భయం ఇంకా ఉంది. భయం పోగొడతామని ప్రకటనలిచ్చే కోర్సుల లెక్కలో ఈ కేసు ఫెయిల్ కిందే లెక్క.

కంపెనీ ఆ తర్వాత ఇదే కార్యక్రమం నలభై మందికి ఒకేసారి పెట్టమంది. ఒప్పుకోలేదు. నలభై మందికీ భయం ఒకేచోట ఉండదు. వేర్‌హౌస్ ఇన్‌ఛార్జికి మౌనంతో ఇబ్బందే లేదు, ఆయన సమస్య స్లైడ్లు. మైక్రోబయాలజీ నుంచి వచ్చిన అబ్బాయికి ఇంగ్లిష్ నిజంగానే అడ్డం, వాడికి ముందు భాష మీదే పనిచేయాలి. ఒక్కొక్కరినీ వాళ్ల పనిచోట చూసి, ఆరుగురికి మించకుండా చేద్దామన్నాను. చర్చ నడుస్తోంది.

ఈలోగా ఆమెకు కొత్త పని పడింది. పరిశ్రమవాళ్ల సమావేశంలో దాదాపు రెండొందల మంది ముందు ఇరవై నిమిషాలు మాట్లాడమని క్వాలిటీ హెడ్ పంపిస్తున్నారు. అక్కడ ఎవరూ తల వంచి రాసుకోరు, ప్రశ్నలు చివర్లోనే. పెన్ను కింద పెట్టడం అక్కడ పనికిరాదు. మొదటి రిహార్సల్లో పాత వేగం మళ్లీ వచ్చింది. ఈసారి ఎందుకొచ్చిందో ఇంకా తేలలేదు. వచ్చే వారం ఆపరేటర్ల క్లాసుకి మళ్లీ వెళ్లి, అక్కడ ఆమె ఎక్కడెక్కడ ఆగుతుందో గుర్తులు పెట్టుకుని, ఆ ఆగే చోట్లను ఈ ఇరవై నిమిషాల్లోకి తేవాలని అనుకుంటున్నాం.